కారు వదిలి బస్సెక్కాను

నాకు ఆఫీసు కారు వచ్చిన రోజున మా ఆవిడ ఫరీదాబాద్‌లో మా వీధంతా మిఠాయి పంచింది. ఢిల్లీలో ఒక పెద్ద అధికారికి పర్సనల్ సెక్రటరీ అంటే మాటలా మరి! నేనూ తక్కువ తినలేదు. కారెక్కగానే అద్దం దించేవాణ్ణి, పక్కింటివాళ్లకు కనబడాలని.

అంతకుముందు సెక్షన్లో స్టెనోగా ఉన్నప్పుడు చార్టర్డ్ బస్సులో వచ్చేవాణ్ణి. ఉద్యోగులమంతా కలిసి నెలవారీగా మాట్లాడుకున్న బస్సు అది. ఎవరి సీటు వాళ్లదే. ఒళ్లో బ్రీఫ్‌కేసు, దానిమీద పేకాట, మధ్యలో వేరుశనక్కాయలు, ఆఫీసర్ల మీద చాడీలు. సాయంత్రం స్టాపులో దిగేసరికి ఆరేళ్ల మా అమ్మాయి వాళ్లమ్మతో నిలబడి ఉండేది. నా సంచీ లాక్కుని ఇంటిదాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. అబ్బ, ఎన్ని కబుర్లో! ఆ నడక కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

కారొచ్చాక, అధికారి లేచేదాకా నేనూ కదలకూడదు కాబట్టి, ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయేది. అలా నాలుగేళ్లు. ఒక ఆదివారం దాని స్కూలు డైరీలో సంతకం పెట్టబోతే, "మమ్మీ చేసేసింది నాన్నా, నువ్వు ఆఫీసు పని చూసుకో," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అదే గుచ్చుకుంది.

మర్నాడు నన్ను పాత సెక్షనుకే పంపేయమని అడిగాను. "ఒంట్లో బాగాలేదా?" అన్నారు అధికారి. బాగుండాలనే అడుగుతున్నానన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా ఆవిడకు అర్థమైంది, అయినా "మతి పోయిందా మీకు? నలుగురికీ ఏం చెప్పను?" అంటూ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

మళ్లీ బస్సెక్కిన మొదటి సాయంత్రం స్టాపులో ఎవరూ లేరు. ఉంటారనుకోవడం నా వెర్రి. ఇంట్లో అమ్మాయి చుట్టానికిచ్చినట్టు పళ్లెంలో మంచినీళ్లు తెచ్చింది. ఎన్నడూ లేనిది, "మీరు కూర్చోండి. మమ్మీ పది మినిట్లలో వచ్చేస్తుంది," అంది. నాకు ఏడుపొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

"ఎక్కడికే బయల్దేరావు?"

"పార్కుకి. ఫ్రెండ్స్ వెయిట్ చేస్తున్నారు."

"నేనూ రానా?"

చెప్పులు వేసుకుంది. "ఠీక్ హై. కానీ దూరంగా నడవాలి. నాతో మాట్లాడకూడదు. ప్రామిస్?"

ప్రామిస్ అన్నాను. దారిలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఏదో ఒకటి చెబుతుందేమోనని ఆశపడుతూ, పదడుగులు వెనకే నడిచాను.