నిమ్మమొక్కకు కుట్టిన చొక్కా

బట్టలు కుట్టే ఆమె మెడలోంచి కొలతల టేపు దిగదు కాబట్టి వీధిలో అందరికీ ఆమె టేపక్క. మనిషి గుమ్మం దాటేలోపే కంటితో కొలతలు తీసేస్తుంది. బట్ట ముందు ఆమెకు బెరుకు లేదు. మొక్కలంటేనే గుండె దడ. కిందటి చలికాలం ఆమె మల్లెతీగ మాడిపోయింది.

"నీ చేతిలో ముళ్లకంప కూడా బతకదే!" అని ఆమె సొంత అక్క దెప్పింది.

అలాంటి అక్కే, తన కొత్త ఇంట్లో ఎండ రాదని, అమ్మ వేసిన నిమ్మమొక్కను తెచ్చి టేపక్క బాల్కనీలో పెట్టింది. అమ్మ చేతి మొక్కల్లో మిగిలింది అదొక్కటే.

ఆ సాయంత్రం మంచు పడేంత చలి వస్తుందని రేడియో చెప్పింది. తాళ్లు కట్టి పైకి లాగిన సిమెంటు తొట్టి అది, తలుపులోంచి లోపలికి పట్టదు. టేపక్క చేతిలోని జాకెట్టు పక్కన పడేసి, పాత దుప్పటి కత్తిరించి, కొమ్మ కొమ్మకూ కొలత పట్టి మొక్కకు చొక్కా కుట్టేసింది. కింద మొదలు దగ్గర నాడా బిగించింది.

రంగులపని నుంచి వచ్చిన భర్త పగలబడి నవ్వాడు. "చేతులు కూడా పెట్టావు! జేబు మర్చిపోయావేం?"

"నవ్వకండి. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

అంతలో అక్క ఫోను. "కప్పావా?"

"కప్పానక్కా. ఎక్కడా ముడత లేదు. ఒంటికి అతికినట్టుంది."

"అతకడమేమిటే? బట్ట మంచుకు తడిస్తే ఆ చలంతా ఆకుకే కదా పట్టేది! కింద కట్టేశావా ఏంటి?"

"ఆ... నాడా వేశాను."

"మరి మట్టిలో వెచ్చదనం పైకెలా వస్తుంది? వదులుగా నేలదాకా వదలాలే, పిచ్చిదానా!"

వదులైతే తిట్లు తినే వృత్తి ఆమెది. బిగువైనందుకు తిట్లు తినడం ఇదే మొదలు. కుట్లన్నీ విప్పింది. భర్త రంగు రోలర్ల కర్రలు తెచ్చి తొట్టి మూలల్లో గుచ్చాడు. ఆ ముక్కలకు మరో దుప్పటి అతికి, కర్రల మీదుగా నేలదాకా జార్చి, అంచుల మీద ఇటుకలు పెట్టారు.

"ఇప్పుడు పరికిణీ కట్టిన పిల్లలా ఉంది. కొలత సరిపోయిందా?" అన్నాడతను.

"కొలతే తియ్యలేదు," అంది టేపక్క ఏడుపు గొంతుతో.

పొద్దున ఎండ తగిలాక దుప్పటి తియ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. "మీరు తియ్యండి," అని కళ్లు మూసుకుంది.

"ఒసేయ్, చూడు ముందు."

ఒక కర్ర ఒరిగి బట్ట తగిలినచోట నాలుగాకులు నల్లబడ్డాయి. మిగతా మొక్కంతా పచ్చగా ఉంది. ఆ నాలుగాకులు తుంచేస్తే అక్కకు తెలియదు. టేపక్క వాటిని తుంచబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బతికింది," అని ఫోనులో చెప్పింది. "కర్ర ఒరిగి ఒక కొమ్మకు మాత్రం బట్ట తగిలిందక్కా. ఆకులు నల్లబడ్డాయి."

మొక్కను తీసుకుపోతానంటుందేమోనని టేపక్క తొట్టి అంచు పట్టుకుంది.

"ఇవాళ కూడా చలేనట," అంది అక్క. "ఆ కర్ర గట్టిగా పాతు."