చావుల కాడ నవ్వే పిల్ల

తొంభైల నడుమ నిజామాబాద్‌లో, కుట్టుమిషన్లు రిపేరు చేసే షాపు పైన ఒక గది కిరాయికి తీసుకొని కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. ఆ మాటే అప్పటికి ఊళ్లో కొత్త. వచ్చినవాళ్లు నాడి చూడమని చెయ్యి చాపేవారు. సూది వెయ్యకుండా పంపిస్తే చిన్నబుచ్చుకునేవారు. ఉత్తగా మాట్లాడితే ఏమైతదని అడిగేవారు. చూద్దాం, అనేదాన్ని.

ఒక పొద్దున ఎడపల్లి దిక్కు నుంచి జీపు నిండా జనం వచ్చి దిగారు. ఒక చెరుకు రైతు, అతని తల్లి, భార్య, తమ్ముళ్లు, ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పని ఒక పక్కింటాయన. వాళ్ల నడుమ తల వంచుకొని ఇంటర్ చదివే అమ్మాయి.

"చావుల కాడ నవ్వుతుంది మేడం," అన్నాడు తండ్రి. "మా బాపు, ఈమె తాత, పోయిననాడు మొదలువెట్టింది. అప్పటిసంది ఎవలు సచ్చినా నవ్వుడే. మొన్న కాలేజీల ఒక సార్ పోయిండని అందరు మౌనంగ నిలవడితే ఈమె నవ్విందట. ఇంటికి తోలిండ్రు."

తాయెత్తు కట్టించారు. దర్గాకు తీసుకుపోయి ఊదించారు. తగ్గకపోతే దవాఖానలో డాక్టరు నా దగ్గరికి పొమ్మన్నాడట.

పిల్లను ఉంచుకొని మిగతావాళ్లను బయటికి పంపాను. అందరూ మెట్ల మీద భోజనాల బంతికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

నేను నవ్వు సంగతి ఎత్తలేదు. తాత ఎట్లాంటి మనిషని అడిగాను. కాల్వ గట్టు మీద వెంట తిప్పుకునేవాడట. చెరుకు గడ చీల్చి, మెత్తటి భాగం ఆమెకిచ్చి కణుపులు తాను నమిలేవాడట. చెప్తూ చెప్తూ ఆగింది.

"ఒకటి చెప్తే ఎవ్వలకు చెప్పరు కద?"

"నువ్వు చెప్పమంటే తప్ప చెప్పను."

"ఆనాడు తాతకు స్నానం పోసినంక కండ్లద్దాలు పెట్టిండ్రు. ఎప్పటి లెక్క కనవడాలె అని. అవి తాతయి కావు. అవ్వయి. పక్కలకు ఎర్ర పువ్వులుంటయి. అందరు మీద వడి ఏడుస్తుండ్రు. తాతేమో పువ్వుల అద్దాలు పెట్టుకొని పండుకుండు. నాకు నవ్వొచ్చింది. మా బాపు నా చెంప మీద కొట్టిండు. ఇగ చెప్పలేకపోయిన. గట్లనే కాలవెట్టిండ్రు."

అప్పటి నుంచి ఎక్కడ ఏడుపు వినబడ్డా ఆ పువ్వులే గుర్తొస్తున్నాయట. నవ్వు ఆగదట. ఇంటికొచ్చాక కడుపులో నొప్పి లేస్తుందట.

ఎదుటి మనిషి చెప్పేది ఏదైనా నిలకడగా వినాలని నాకు చదువులో నేర్పారు. పెదవి కొరుక్కున్నాను. ఆగలేదు. నవ్వేశాను. ఆ పిల్ల నా మొహం చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాం.

తలుపు అవతల పక్కింటాయన గొంతు వినబడింది. "మేడంకు గూడ వట్టిందిరా."

మెట్ల మీద కాళ్ల చప్పుడు. తలుపు తోసుకొని తండ్రి లోపలికి వచ్చాడు. చేతిలో నిమ్మకాయ, జీపు ముందర కట్టింది తెంపుకొచ్చినట్టున్నాడు, దారం వేలాడుతోంది. నా తల చుట్టూ తిప్పాలా, కూతురి తల చుట్టూ తిప్పాలా తేలక నిలబడ్డాడు.

"కూసోండి," అన్నాను. నిమ్మకాయ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

వాళ్ల నాయనమ్మ గోడ పట్టుకొని, గడప తడుముకుంటూ వచ్చింది. ముక్కు మీద నల్లటి మందపు ఫ్రేము, మగవాళ్లది. నేను పిల్ల దిక్కు చూశాను. చెప్తావా అని కళ్లతోనే అడిగాను. ఆమె లేచి అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఇవి తాతయి. నీయి తాతతోని పోయినయి."

ముసలామె అద్దాలు తీసి చేత్తో తడిమింది.

"గందుకేనా," అంది. "ఏడ్సి ఏడ్సి సూపు పోయిందనుకున్న. గుడ్డిదాన్నైన అని ఎవలకు చెప్పలె."

"మేమేమో బాపు గుర్తుకని పెట్టుకున్నవనుకున్నం," అన్నాడు కొడుకు. ఊరంతా ఆమె ప్రేమను మెచ్చుకుందట. తర్వాత అతని గొంతు తగ్గిపోయింది. "నేనే పెట్టిన మేడం. కండ్లల్ల నీళ్లు. గూట్ల చేతికి దొరికినయి పెట్టిన. మా బాపు ఆడ ఏం సదువుకుంటడో ఏమో, ఆ అద్దాలతోని."

"ఆయనకు సదువొస్తదా ఏంది," అంది ముసలామె. "సోకుకు పెట్టుకుంటుండె." ఆ మాట అని తనే ముందు నవ్వింది. నోట్లో పళ్లు లేవు, భుజాలు ఊగాయి. ఈసారి పిల్ల నవ్వలేదు. అవ్వ ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తాత పోయాక అదే మొదటిసారి. తండ్రి లేచి కూతురి వీపు మీద చెయ్యి వేశాడు. ఆమె తీసెయ్యమనలేదు.

పిల్ల ఆ తర్వాత కొన్నాళ్లు వస్తూ పోతూ ఉంది. తండ్రి కూడా ఒకసారి ఒక్కడే వచ్చి, కొట్టిన సంగతే మాట్లాడుతూ కూర్చున్నాడు. కూతురికి ఏమని చెప్పుకోవాలని అడిగాడు. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పమన్నాను. చెప్పాడట. తర్వాత ఒక మేనత్త పోతే ఆ అమ్మాయి వెళ్లింది. కొంచెం నవ్వొచ్చిందని, బయటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోయి కూర్చున్నానని చెప్పింది. అంతకన్నా ఏం కావాలి.

నాయనమ్మకు బోధన్‌లో కొత్త అద్దాలు చేయించారు. దాంతో ఇల్లు అల్లకల్లోలమైంది. మూలల్లో బూజు, గిన్నెల అడుగున మసి, బియ్యంలో రాళ్లు, అన్నీ ఒకేసారి కనబడ్డాయి ముసలామెకు. నెల తిరగకముందే కోడలు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. మొదటిరోజు జీపులో వచ్చి ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి.

"మా అత్తకు ఆ పాత అద్దాలే ఉంచితే కాదా మేడం?" అని అడిగింది. హాస్యానికి కాదు, నిజంగానే అడిగింది.

మామ మంచాన పడ్డన్ని నాళ్లూ ఎత్తి దించింది, పోసి తుడిచింది ఆమేనని మాటల్లో తెలిసింది. మీరు ఆయన కోసం ఏడ్చారా అని అడిగాను.

"యాడిది మేడం. వచ్చినోళ్లకు వండుడే అయిపోలె."

ఏడుస్తుందేమోనని ఎదురుచూశాను. ఏడవలేదు. కొంగు సర్దుకొని, కొద్దిసేపు ఇక్కడ ఊరికే కూర్చోవచ్చా అని అడిగింది. కూర్చోమన్నాను. కింద కుట్టుమిషను తిప్పి చూస్తున్నారు, టకటకమని. ఆ చప్పుడులోనే గోడకు తల ఆనించి నిద్రపోయింది. తర్వాత రావాల్సినవాళ్లను సాయంత్రం రమ్మని చెప్పి, తలుపు దగ్గరికి వేశాను.