విత్తనమిచ్చిన ఇంటికి

“…తొంభై ఏండ్లకు సూదిల దారం ఎక్కిచ్చిండని మీ తాత ముచ్చట డాక్టర్‌కు ఎందుకు చెప్పినవ్? గా తాత నెత్తురు పోరిల యాడున్నది?”

“జర మెల్లగ మాట్లాడు.”

“కండ్ల సంగతి. గా మాత్రం యాది ఉండొద్దా?”

“నిజంగనే యాదికి రాలే,” అన్నాడు దేవన్న.

పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న మానస, లోపల అమ్మానాన్నల మాటలు విని, చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టింది. ఆ సాయంత్రమే ముగ్గురూ నిజామాబాద్ కంటి దవాఖాన నుంచి తిరిగొచ్చారు. కంట్లో ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంది, మీవాళ్లలో ఎవరికైనా చూపు పోయిందా అని అక్కడి డాక్టర్ అడిగాడు. తమ వంశంలో అద్దాలు పెట్టుకున్నవాళ్లే లేరని దేవన్న గర్వంగా చెప్పాడు. డాక్టర్ ఆ మాటే రాసుకుని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నాడు. అప్పటికి మానసకు ఇరవై మూడేళ్లు.

వారం రోజులు వెంటపడితే తల్లి గంగామణి నోరు విప్పింది. పెళ్లయిన తొమ్మిదేళ్ల దాకా పిల్లలు లేరు. లోపం దేవన్నదని తేలింది. పట్నంలో ఒక దవాఖానలో వేరే ఎవరిదో బీజం తీసుకుని వైద్యం చేశారు. ఆరోగ్యవంతుడు, మీ ఆయన రంగే అన్నారు తప్ప, ఎవరో చెప్పలేదు. పుట్టబోయే బిడ్డకు కూడా చెప్పొద్దన్నారు. నీకు తెలిసిందని తెలిస్తే మీ బాపు నీ మొకం చూడలేడని, గంగామణి బిడ్డ చేతిని తన నెత్తిమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు మూడేళ్లు నిలిచింది.

ఆర్మూర్ మార్కెట్ యార్డు దారిలో ఉన్న మీసేవలో మానస పనిచేస్తుంది. తండ్రి పేరు అన్న గడిలో రోజంతా పేర్లు టైపు చేస్తుంది. తన కాగితాల్లో ఆ గడి గురించి ఆమెకు ఏనాడూ అనుమానం లేదు, అక్కడ ఉండాల్సింది దేవన్న పేరే. కానీ సర్టిఫికెట్ కోసం తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని కెమెరాలోకి చూసినప్పుడు ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయేది. మానస ఎడమ కనుబొమ్మ చివర వెంట్రుకలు పైకి సుడి తిరిగి ఉంటాయి. గంగామణికి అలా లేవు. ఒకసారి ధర్పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి అలాంటి సుడే కనిపించింది. దాతలు ఎక్కువగా పట్నంలో చదువుకునే కుర్రాళ్లేనని ఎక్కడో చదివిన మానస, మీరు పట్నంలో చదువుకున్నారా అని అడిగేసింది. ఐదో తరగతి కూడా దాటలేదు బిడ్డా, ఆదాయం సర్టిఫికెట్‌కు గది గూడ కావాల్నా అని ఆయన కంగారుపడ్డాడు. పక్క సీట్లో సుష్మిత పడీపడీ నవ్వింది. మానస కూడా నవ్వింది, ఆయన వెళ్లేదాకా.

ఇలా పుట్టినవాళ్లు కొందరు ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారని తెలిసి అందులో చేరింది. ఎక్కువమంది పెద్ద నగరాలవాళ్లు. కొత్త చట్టం వచ్చినా దాత పేరు చెప్పరని, తమలా ముందే పుట్టినవాళ్ల కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ పట్టదని రాసుకుంటారు. వాళ్ల సలహాతోనే ఆమె పట్నం దవాఖానకు ఉత్తరం రాసింది. ఆ మనిషి ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బు ఉందా అని అడిగింది. నవ్వితే ఎలా ఉంటాడో కూడా తెలుసుకోవాలని ఉంది, కానీ దరఖాస్తులో రాసే మాట కాదది. జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. మీరు మా పేషెంటు కాదు. సంతకాలు చేసినవారు మీ తల్లిదండ్రులు. ఇద్దరూ స్వయంగా వచ్చి అడిగితే పాత ఫైళ్లు వెతుకుతాం. పేరు మాత్రం చెప్పలేం.

ఆ జవాబు ఉత్తరం ఏడాదిగా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఈలోగా కంట్లో ఒత్తిడి ఇంకొంచెం పెరిగింది.

ఈ ఆగస్టులో దేవన్న పసుపు మడిలో దుంపకుళ్లు కనిపించింది. మొక్కను పీకి వాసన చూసి, మందు కొట్టకముందే భీమ్‌గల్ పోవాలన్నాడు. ఈసారి విత్తనం అక్కడి గంగాప్రసాద్ దగ్గర తెచ్చాడు. తెగులు వస్తే ముందు విత్తనమిచ్చిన ఇంటికి పోయి అడగడం వాళ్ల పద్ధతి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు, ఇచ్చినవాడు దాచడు. ఆదివారం కాబట్టి మానస స్కూటీ మీద తీసుకెళ్లింది. గంగాప్రసాద్ వాళ్లను నేరుగా తన చేనికి తీసుకుపోయి, కుళ్లిన రెండు సాళ్లు చూపించాడు.

“ఇత్తనంతోనే వచ్చింది దేవన్నా. నేనే కబురు చెయ్యాల్సుండె.”

తిరుగుదారిలో వాన పట్టుకుంది. రోడ్డు పక్క చాయ్ హోటల్ రేకుల కింద ఆగారు. దేవన్న సాసర్లో చాయ్ పోసుకుంటుంటే మానస అంది:

“బాపు, నా కండ్ల సంగతి గూడ ఇచ్చినోళ్లను అడగాలె.”

సాసర్ అలాగే ఆగింది.

“మీ అమ్మ చెప్పిందా?”

“మీరు కొట్లాడుతుంటే విన్న. మూడేండ్లాయె.”

అతను సాసర్ బల్ల మీద పెట్టి వాన వైపు తిరిగాడు. ఆ మూడేళ్లలో తన వీపు మీద బిడ్డ చూపు ఎన్నిసార్లు ఆగిందో గుర్తుచేసుకుంటున్నాడేమో అని ఆమెకు భయమేసింది.

“ఇత్తనం ఎవరిదైతేంది,” అన్నాడు. “పంట నాది.”

“నీదే బాపు. మరి గిప్పుడు గంగాప్రసాద్ కాక కాడికి ఎందుకొచ్చినం?”

ఆమె ఉత్తరం తీసి చదివి వినిపించింది. నీ సంతకం లేకుంటే వాళ్లు ఫైలు తెరవరని చెప్పింది. అతను కాగితాన్ని చేతిలోకి తీసుకుని, వాన చినుకు పడిన చోట బొటనవేలితో తుడిచి, మడతపెట్టి తిరిగిచ్చాడు. ఆర్మూర్ చేరేదాకా స్కూటీ గుంతల్లో ఊగినప్పుడల్లా ఎప్పటిలాగే ఆమె భుజం పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి, పెరట్లో బురద కాళ్లు కడుక్కున్నాడు. చేను సంగతి ఏమైందని గంగామణి తువ్వాల అందిస్తూ అడిగింది.

“మందు రేపు కొడుత,” అన్నాడు దేవన్న. “మంగళారం పొద్దుగాల బస్సుకు ముగ్గురం పట్నం పోతున్నం. దవాఖానల సంతకం పెట్టింది నేను. అడిగేది గూడ నేనే.”