మా ఇంట్లో వర్గీకరణ

మా ఆయన కుడిచేయి విరగ్గొట్టింది మా అన్న. మా అన్న తల పగలగొట్టింది మా మరిది. నా మూతి పగలగొట్టింది మాత్రం మా ఆయనే. ఇదంతా ఎమ్మిగనూరులో, మగ్గాల చప్పుడు వినిపించే ఒక సన్నటి వీధిలో, పట్టపగలు జరిగింది. నాకు టీచర్ ఉద్యోగం వచ్చినందుకు జరిగింది.

మాది కోసిగి పక్క పల్లె. మాదిగోళ్ళం. వానలు పడని ప్రతి ఏడూ అమ్మా నాన్నా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళు. అన్న బడి మానేసి వాళ్ళ వెంట పోయాడు. నన్ను మాత్రం హాస్టల్లో వదిలారు. ఆదోనిలో బీఈడీ చదివేటప్పుడు మా ఆయన పరిచయమయ్యాడు. ఆయన మాలవాళ్ళబ్బాయి. వాళ్ళ నాన్న రిజర్వేషన్‌లో గుమాస్తా ఉద్యోగం సంపాదించి రిటైరైన మనిషి.

కాలేజీలో మా ఇద్దరినీ కలిపే కోటాగాళ్ళనేవాళ్ళు. ఒకరోజు బయట టీ అంగడి దగ్గర మా క్లాసువాడొకడు, మీకేమప్పా, సదవకపోయినా సీటొస్తాది అన్నాడు. మా ఆయన చేతిలో ఉన్న వేడి టీ వాడి ముఖాన కొట్టాడు. వాడి స్నేహితులు ఆయన్ను రోడ్డు మీద పడేసి బూటుకాళ్ళతో తన్నారు. నేను వాళ్ళ చొక్కాలు పట్టుకుని లాగుతుంటే నన్నూ తోసేశారు. ముక్కులోంచి నెత్తురు కారుతున్న మనిషిని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆ ఆటోలోనే మన పెళ్ళి ఖాయమైపోయిందని ఆయన తర్వాత చాలాసార్లు నవ్వాడు.

పెళ్ళి మాత్రం నవ్వుతూ జరగలేదు. ఎస్సీలంతా ఒకటేనని బయటివాళ్ళు అనుకుంటారు గానీ, మాల గేరికీ మాదిగ గేరికీ మధ్య పెళ్ళంటే కత్తులు లేస్తాయి. విషయం తెలిసి నాన్న నన్ను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. అప్పుడు అడ్డం పడి నాన్న చేయి పట్టుకున్నది అన్నే. పెళ్ళి దగ్గరుండి చేయించినదీ అన్నే. ఎమ్మిగనూరులో అత్తగారింట్లో నన్ను దిగబెట్టి, మా ఆయన భుజం మీద చేయి వేసి, మా సెల్లెల్ని సూసుకో బావా అని చెప్పి పోయాడు.

ఇద్దరం ప్రైవేటు బళ్ళో పాఠాలు చెబుతూ టీచర్ పోస్టుల పరీక్షకు చదువుకున్నాం. నాకు లెక్కలు రావు. ఓపిగ్గా ఆయనే నేర్పాడు. అంతా బాగానే ఉందనుకునే రోజుల్లో, ఎస్సీ కోటాను వర్గీకరించుకోవచ్చని పెద్దకోర్టు చెప్పింది. అంటే ఉన్న కోటానే మాదిగలకు కొంత, మాలలకు కొంత, మిగతా చిన్న కులాలకు కొంత అని విడదీయడం. ఆ రోజు మా పల్లెలో డప్పులు మోగాయని అన్న ఫోన్ చేశాడు. ఇక్కడ మామ టీవీ కట్టేసి, అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు.

"ఈ పొద్దు మనల్ని రెండు ముక్కలు సేస్తారు. రేపు ఆ ముక్కలు గూడా ఉండనీరు. కలిసుంటేనే కోటా నిలబడేది" అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. "మా గేరిలో సర్కారు జీతం తిన్న ఇల్లు ఒక్కటీ లేదు మామా. ఇన్నాళ్ళు కలిసే ఉన్నాం గదా, మా వంతు ఎప్పుడొచ్చింది?" అన్నాను.

మామ పళ్ళెం తోసేసి లేచిపోయాడు. ఆ మాటకు మా ఆయన నా వైపు చూసిన చూపు అంతకుముందు నేనెప్పుడూ చూడనిది. అప్పటి నుంచి ఇంట్లో ఏ మాట మొదలైనా అక్కడికే వచ్చి ఆగేది. మీకు చదువు ముందు దొరికింది కాబట్టి మీరు పైకి వచ్చారని నేను, కష్టపడి చదవడం మా తప్పా అని ఆయన. ఒకసారి నేను చదువుతున్న పుస్తకం లాక్కుని రెండుగా చించేశాడు. ఇంకోసారి అద్దం మీద గుద్దితే పిడికిలి కోసుకుపోయింది. కట్టు కట్టినది నేనే. మరుసటి రోజు మళ్ళీ పక్కపక్కన కూర్చుని లెక్కలు చేసుకున్నాం.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. కోటాను విడదీసే పోస్టులు పంచారు. మాదిగల వంతులో నాకు వచ్చింది. మాలల వంతులో ఆయనకు కొద్దిలో పోయింది. నా తల మీద చేయి పెట్టి, మంచిదైంది అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి రోజు పొద్దెక్కాక అన్న వచ్చాడు. వెంట మా గేరివాళ్ళు, డప్పులు, రంగులు. మా వంశంలో మొదటి సర్కారు ఉద్యోగమని వాళ్ళ సంతోషం. సరిగ్గా మా అత్తగారి గుమ్మం ముందు డప్పు మొదలుపెట్టారు. మామ బయటికి వచ్చి, ఉద్యోగం రానోడు ఇంట్లో ఉన్నాడు, ఈడొద్దు నాయనా అని మెల్లగానే అడిగాడు. అన్న ఆపమని చెయ్యెత్తాడు కూడా. ఇంతలో వచ్చినవాళ్ళలో ఒకడు, ఇన్నేండ్లు మాది మీరు తిన్నారు, ఇప్పుడు మా వంతు అన్నాడు.

మా ఆయన లోపలి నుంచి దూసుకొచ్చి అన్న మెడలో ఉన్న డప్పును కాలితో తన్నాడు. తోలు చిరిగి కాలు లోపలికి దిగబడింది. అన్న వెనక్కి పడి, లేచి, గోడకు ఆనించి ఉన్న కట్టె అందుకున్నాడు. మా ఆయన తల మీద పడాల్సిన దెబ్బ అడ్డం పెట్టిన చేతి మీద పడింది. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అది చూసి మా మరిది ఇటుక తీసి అన్న తల మీద వేశాడు. అన్న కళ్ళలోకి నెత్తురు కారి, ఎవరిని కొడుతున్నాడో తెలియకుండా కట్టె తిప్పుతున్నాడు. నేను మధ్యలోకి దూరి మా ఆయన్ను పట్టుకున్నాను. ఆయన ఎడమచేత్తో నా మూతి మీద గుద్దాడు.

"నా నోటికాడిది గుంజుకుంటివి గదా" అన్నాడు.

పన్ను విరిగి నాలుక మీద పడింది. ఉమ్మేశాను. వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. నేతగాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు గానీ ఒక్కరూ విడిపించడానికి దిగలేదు. వాళ్ళలో వాళ్ళే గదా, మనకెందుకు అని ఒక ముసలాయన లోపలికి పోయాడు.

ఆస్పత్రిలో అన్ననూ మా ఆయన్నూ ఒకే గదిలో ఎదురెదురుగా పడుకోబెట్టారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని స్టేషన్‌కు పోయాను. అక్కడి అధికారి అంతా విని, రెండు పక్కలా ఎస్సీలే, అట్రాసిటీ కేసు గూడా పడదు, ఇంటికి పోయి మాట్లాడుకోండమ్మా అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు.

"ముగ్గురి మీదా రాయండి సార్" అన్నాను. "మా అన్న మీద, మా మరిది మీద, నా మొగుని మీద."

ఆ మాటతో రెండు ఇళ్ళకూ పగదాన్నయ్యాను. అన్నను జైలుకు పంపుతావా అని అమ్మ మన్ను తీసి నా మీద పోసింది. అత్త నా బట్టలు వీధిలో పారేసింది. నేను హొళగుంద మండలంలో ఒక పల్లె బడిలో చేరాను. కర్ణాటక పక్కనే కాబట్టి సగం మంది పిల్లలు కన్నడం మాట్లాడేవాళ్ళు. అద్దె ఇంటి కోసం తిరిగితే, మీరేమిటోళ్ళు అని అడిగేవాళ్ళు. ఎస్సీలని చెప్పగానే తలుపు మూసేవాళ్ళు. మాలా, మాదిగా అని ఒక్కరూ అడగలేదు. చివరికి ఒక ముస్లిం ముసలమ్మ తన ఇంటి వెనక గది ఇచ్చింది.

అన్నకూ మరిదికీ పెద్దలు రాజీ చేశారు. మా ఆయన మీద పెట్టిన కేసు మాత్రం నేను తీయలేదు. చేతికి కట్టు విప్పాక ఆయన నా గది దగ్గరికి వచ్చాడు. ఆ చేయి ఇంకా వంకరగానే ఉంది. లోపలికి రమ్మనలేదు. గడపలో నిలబడే మాట్లాడాడు.

"వర్గీకరణకు కొట్టలేదు నిన్ను. నాకంటే ముందు పోయినావని కొట్టినాను. అదే నిజం."

ఇంకొకసారి చేయెత్తితే ఇదే ఆఖరు అని చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులకు గాని లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఆయన హొళగుందలోనే ఒక ప్రైవేటు బడిలో చెబుతూ మళ్ళీ పరీక్షకు చదువుతున్నాడు. వర్గీకరణ తప్పని ఇప్పటికీ అంటాడు. న్యాయమని నేనంటాను. గొంతులు లేచినప్పుడు ముసలమ్మ వెనక తలుపు తడుతుంది.

నాకిప్పుడు ఏడో నెల. మొన్న ఆయన, బిడ్డకు ఏ కులం రాయిస్తాం అని అడిగాడు. తండ్రిదే రాస్తారు, మాల అనే పడుతుంది అన్నాను. నీకు బాధ లేదా అన్నాడు. ఉంది అన్నాను. కడుపులో బిడ్డ కదిలితే ఆయన ఎడమచేయి తీసి అక్కడ పెట్టుకున్నాను. పెట్టుకున్నాక కూడా, ఆ చేతిని చూస్తే నా ఒళ్ళు కాస్త బిగుసుకుంది. ఆయనకు అది తెలిసింది.