వేదిక మీద నేను మింగేసిన మాట

2023 ఫిబ్రవరి. పుత్తూరు శివార్లలో, వేరుశనగ పీకేసిన చేలో పందిరి వేసి మూడు రోజుల సువార్త సభలు పెట్టారు. ప్రసంగీకుడు అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన ఇంగ్లీషును తెలుగు చేయడం నా పని.

ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. వారంలో అయిదు రోజులు శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో విదేశీ ఇంజనీర్లు కార్మికులకిచ్చే శిక్షణలకు వెళ్తాను. పిలిస్తే శని, ఆదివారాల్లో సంఘాల సభలకు వెళ్తాను. మేము చేసేదాన్ని కన్సెక్యుటివ్ ఇంటర్‌ప్రిటేషన్ అంటారు. వక్త రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగుతాడు, ఆ విరామంలో మేము వాటిని వినేవాళ్ల భాషలో చెప్పాలి. ఇందులో గట్టి నియమం ఫస్ట్ పర్సన్. వక్త ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే అనాలి. ‘ఆయన ఇలా అంటున్నారు’ అనకూడదు. వేదిక మీద ఉన్నంతసేపూ మాకు సొంత నోరు ఉండదు.

నోరు అద్దెకివ్వడం మా వంశంలో నాతోనే మొదలైంది. మా సంఘం చర్చి మా తాత ఇచ్చిన స్థలంలోనే ఉంది. ముందు వరస బెంచీ వెనక ఆయన పేరు చెక్కి ఉంటుంది. ఆ రోజుల్లో మాకు మామిడి తోటలు, ఊరి నడుమ మేడ ఉండేవి. నాయన కాలానికి అవన్నీ కోర్టు వ్యాజ్యాల్లో పోయాయి. మిగిలింది మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు, తాత టేకు కుర్చీ, ఆ బెంచీ మీద కూర్చునే అలవాటు. ఉండేది రెండు గదుల అద్దె ఇల్లయినా ఇస్త్రీ లేని చొక్కాతో నేను గడప దాటను.

ప్రసంగీకుడు నాకు నచ్చాడు. కుటుంబ ప్రార్థన ఆగిపోయిన ఇళ్లు, పిల్లల చేతుల్లో ఫోన్లు, పెళ్లిని తేలిగ్గా తీసుకునే కాలం, సంఘాన్ని ఓట్ల మూటగా చూసే నాయకులు, బిడ్డల పెంపకాన్ని ప్రభుత్వానికి వదిలేసే తల్లిదండ్రులు: మొదటి రోజు ఆయన మాట్లాడినవన్నీ నేను ఎన్నాళ్లుగానో అనుకుంటున్నవే. క్రిస్మస్ కేకు కోసే వంకతో ప్రతి పార్టీవాడూ మా వేదిక ఎక్కి ఫోటో దిగడం చూసి చూసి నాకు ఒళ్లు మండి ఉంది.

కొన్ని మాటలు మాత్రం ఎవరికి చెబుతున్నాడో తెలియలేదు. అమెరికా బడుల లైబ్రరీల్లో పిల్లల్ని చెడగొట్టే పుస్తకాలున్నాయని అరగంట చెప్పాడు. మా ఊరి బడిలో లైబ్రరీ అంటే ఒక బీరువా, దాని తాళంచెవి పోయి చాలా కాలమైంది. అయినా జనం ఆమెన్ అన్నారు. నేనూ గొంతు తగ్గించకుండా చెప్పాను.

రెండో సాయంత్రం ఆయన తల్లుల గురించి ఎత్తుకున్నాడు. “తల్లి ఇల్లు వదిలి పనికి పోతే ఆ ఇంట్లో ప్రార్థన ఆరిపోతుంది. బిడ్డలను లోకం పెంచుతుంది” అన్నాడు. తెలుగు చేశాను. మేడ ఉన్న రోజుల్లో మా ఇంటి స్త్రీలు గడప దాటలేదని విని పెరిగినవాణ్ని. నా గొంతులో కొంత బలం అదనంగా చేరి ఉంటుంది.

ఆయన ఒక్క క్షణం ఆగి, స్వరం తగ్గించి, మళ్లీ చెప్పాడు. “ఈ మాట ఇంట్లో ఉండగలిగిన వాళ్లకు చెబుతున్నాను. మా నాన్న పోయాక మా అమ్మ పదకొండేళ్లు ఆసుపత్రిలో నేల తుడిచి మమ్మల్ని పెంచింది. ఆమె చేతులు ఎప్పుడూ ఫినాయిలు వాసన వేసేవి. మా ఇంట్లో ప్రార్థన ఆరలేదు.”

నాకు అన్నీ వినబడ్డాయి. కానీ కోటు వేసుకుని నిలబడిన ఆ పెద్దమనిషి, వేల మంది ఎదుట, తన తల్లి నేల తుడిచిందని చెప్పుకోవడం నాకు నచ్చలేదు. ఆయన మర్యాద కాపాడాలనిపించింది. “ప్రభువు మన తల్లులను, మన ఇళ్లను కాపాడును గాక” అని ఆయన వైపు చూశాను. తన మాటే తెలుగులో వచ్చిందనుకుని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పాడైపోతున్న ఇళ్ల కోసం ఏడుస్తున్నాడని జనం అనుకున్నారు. పందిరంతా నిశ్శబ్దమైపోయింది.

తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ కార్యదర్శి దానియేలు, రిటైరైన బస్సు కండక్టరు, లేచి పెద్దల నిర్ణయం చదివాడు. పనికి పోయే తల్లులు పిల్లలకు మాదిరి కాలేరు కనుక సలోమి ఇకపై సండే స్కూల్ చెప్పకూడదు. సలోమి పన్నెండేళ్లుగా పిల్లలకు వాక్యం నేర్పుతోంది. భర్త రేణిగుంట గోడౌన్‌లో మూటలు మోస్తూ పడి నడుం పోగొట్టుకున్నాడు. విరిగిన ఎముకలకు వేసే మా ఊరి కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు గానీ, అతని వెన్నెముకకు అదీ పనిచేయలేదు. ఆమె తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి శ్రీ సిటీకి పోతుంది. నిర్ణయం విన్నప్పుడు ఆమె తల దించుకుని పిల్లల మధ్య నిలబడి ఉంది. ముందు బెంచీలో ఉన్న నేను వెనక్కి తిరగలేదు.

నాలుగు రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను.

“వందనాలు సార్. ఒక మాట అడిగిపోదామని వచ్చినాను.”

“చెప్పు.”

“ఆ దొర చెప్పింది తప్పని నేను రాలేదు. ఆడది ఇంటిపట్టున ఉండేదే మేలు. నాకేమన్నా ఫ్యాక్టరీ అంటే మోజా? మా ఆయన లెయ్యగలిగితే రేపే మానేస్తా.” ఫోను తీసి సభల వీడియో పెట్టింది. “కంపెనీలో మా లైన్లో ఒక తమిళ పిల్ల ఉండాది, ఇంగ్లీషులో డిగ్రీ సదివింది. బస్సులో దీన్ని ఇనింది. ఈడ ఆ దొర వాళ్లమ్మ గురించి ఏమో చెప్పినాడంట. మీరు చెప్పలేదంట. నిజమా సార్?”

“ఆయన వేగంగా మాట్లాడాడు. అన్నీ పట్టుకోవడం కుదరదు” అన్నాను.

ఆమె కాసేపు నా చొక్కా గుండీల వైపు చూసింది. “రెండేండ్ల కింద మా కంపెనీలో మిషిను సేఫ్టీ క్లాసు మీరే కదా సార్ చెప్పినారు? ఆ కొరియా ఆయన తుమ్మితే గూడా తెలుగులో చెప్పినారని మేం నవ్వుకున్నాం. ఒక్క మాట వదిలితే ఎవురిదో ఒక వేలు పోతాదని మీరే చెప్పినారు.”

నేను చొక్కా అంచు సర్దుకున్నాను.

“వేలైతే తొమ్మిది మిగులుతాయి. నాకు ఆదివారం ఒకటే సార్” అంది. వెళ్లిపోయాక గాని గుర్తు రాలేదు, ఆమెను కూర్చోమనలేదని.

మరుసటి రోజు ప్రసంగీకుడి నుంచి ఈమెయిల్ వచ్చింది. తన తల్లి గురించి చెప్పినప్పుడు మా జనం చూపిన నిశ్శబ్దం లాంటి గౌరవం ఏ దేశంలోనూ చూడలేదట. వాళ్లకు తన కృతజ్ఞత చెప్పమన్నాడు. ఈ ఒక్క వాక్యాన్ని ఎవరికి ఎలా తెలుగు చేయాలో నాకు తోచలేదు.

ఆదివారం ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. “ఆ సభలో నేను ఒక మాట వదిలేశాను. ఇప్పుడు చెబుతాను” అన్నాను. వీడియోలో ఆయన మాట వినిపించి, వృత్తి నియమం ప్రకారం ఫస్ట్ పర్సన్‌లోనే చెప్పాను. “మా అమ్మ పదకొండేళ్లు ఆసుపత్రిలో నేల తుడిచి మమ్మల్ని పెంచింది. ఆమె చేతులు ఎప్పుడూ ఫినాయిలు వాసన వేసేవి...”

చాప మీద కూర్చున్న ముసలి ఎల్లీసమ్మ మా అమ్మను ఎరిగిన మనిషి. “అదేంది నాయనా? మీయమ్మ తిరపతిలో హాస్టలు వార్డెనమ్మ కదా. ఆస్పత్రి యాడ తుడిచింది?” అంది. కొందరు నవ్వారు.

అది ఆయన తల్లి అని చెప్పి కూర్చుంటే సరిపోయేది. “ఆసుపత్రిలో తుడిచింది ఆయన తల్లి. మా అమ్మ వార్డెన్ కాదు. మేడ పోయాక ఎనిమిదేళ్లు ఆ హాస్టల్లో వంట చేసింది. బంధువులకు వార్డెన్ అని చెప్పేవాళ్లం” అన్నాను. ఇది అంతవరకు నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తాత పేరు చెక్కిన బెంచీని పట్టుకునే చెప్పాను.

ఎల్లీసమ్మ తల ఊపింది. “అట్లనా. మంచి కూరలే పెట్టుంటాది బిడ్డలకు” అంది.

దానియేలు లేచాడు. “ఈ మాట అప్పుడే చెప్పింటే అయిపోయుండును కదా సార్. ఇంతమందిలో ఆ యమ్మను నిలబెట్టి చదివేసినాను. పెద్దింటోళ్లు మాట మింగితే మాకెట్ల తెలుస్తాది?” నిర్ణయం కాగితం జేబులోంచి తీశాడు. “ఇప్పుడు ఆ దొర మొదట చెప్పిన మాట కొట్టేసినట్టా?”

“లేదు. రెండూ చెప్పాడు.”

“రెండూ ఎట్లప్పా? తల్లి ఇంట్లో ఉండాలంటాడు, వాళ్లమ్మ పనికి పోయిందంటాడు. మేం దేన్ని పట్టుకోవాల?”

“నాకు తెలియదు” అన్నాను. ఆ బెంచీ దగ్గర నిలబడి మా వంశంలో ఎవరూ ఆ మాట అన్నట్టు లేదు.

పాస్టర్ గారు బైబిలు మూసి, “దేవుడికైతే రెండూ తెలుసు. సలోమమ్మా, పిల్లలు కాసుకోనుండారు, పో” అన్నారు. ఆమె లేచి వెనక గదికి వెళ్లింది. దానియేలు నిర్ణయం రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చించలేదు.

నా అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. తల్లి దగ్గరుండి పెంచిన ఇల్లే బలమైనదని ఇప్పటికీ నమ్ముతాను. మా అమ్మ పొద్దుగూకాక, పోపు వాసనతో ఇంటికొచ్చి మా చేత కీర్తన పాడించిన ఇల్లు బలహీనమైనదని మాత్రం అనలేను. ఈ రెండూ నాలో ఎలా ఇముడుతున్నాయో తెలియదు. నేర్చుకున్నది ఒకటే, అది నా పనికి సంబంధించినది. మాట మోసేవాడికి అందులో ఏది మర్యాదో ఏది కాదో తేల్చే హక్కు లేదు. నేను కాపాడింది ఆ పెద్దమనిషి పరువు కాదు, నాదే. ఇప్పుడు చేతిలో నోట్‌ప్యాడ్ ఉంటుంది, వక్త చెప్పిన ప్రతి వాక్యానికీ ఒక గీత పెడతాను. తెలుగు చెప్పేకొద్దీ ఒక్కొక్క గీతా కొట్టేస్తాను. అన్నీ కొట్టేసేదాకా ఆయన్ను ముందుకు పోనివ్వను.

ప్రసంగీకుడికి జరిగింది జరిగినట్టు రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఈమధ్య సలోమి మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఈసారి టేకు కుర్చీ చూపించాను. అంచున కూర్చుంది. ఒకోసారి ఆదివారం కూడా షిఫ్టు పడుతోందట, ఆ రోజు పిల్లలకు నేను చెప్పాలట. “మీయమ్మ కత చెప్పండి సార్. బాగుంటాది” అంది.

ఒప్పుకున్నాను. ఆదివారం దగ్గర పడుతోంది. ఆ కథను మేడ దగ్గర మొదలుపెట్టాలా, హాస్టల్ వంటగది దగ్గరా అన్నది ఇంకా తేలలేదు.