కృష్ణ కనిపించే సీటు

విమానంలో మంచి కిటికీ సీటు ఏదని దయచేసి నన్ను మాత్రం అడగకండి. జీవితంలో ఒకే ఒక్కసారి ఆ ఘనకార్యం నెత్తికెత్తుకున్నాను. అదీ ఎవరి కోసమో కాదు, పిల్లనిచ్చిన మామగారి కోసం. ఎంత లోతుకు మునిగానో వినండి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీదే వంటావార్పులు, చైతన్యపురి నిండా విద్యార్థుల ర్యాలీలు, డప్పుల మోత. నేను ఎల్బీ నగర్ వాణ్ణి. నా భార్య సుధ వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. మేమిద్దరం ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. మామయ్య కాదనలేదు, అలాగని మనస్ఫూర్తిగా ఔననీ అనలేదు. నేను వెళ్తే "కూర్చో బాబూ" అని పేపరు విప్పి దాని వెనకాల మాయమయ్యేవారు. ఎవరైనా వస్తే "సుధ వాళ్లాయన" అని ముక్తసరిగా చెప్పేవారు. ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని నా ప్రాణం కొట్టుకునేది.

అంతలో విజయవాడలో ఆయన మేనకోడలి పెళ్లి వచ్చిపడింది. చూస్తే బంద్. బస్సులు లేవు, రైళ్లు లేవు. అత్తయ్య ముందే వెళ్లిపోయారు గనక, మిగిలిన మా ముగ్గురికీ విమానమే గతి అయింది. ముగ్గురికీ అదే మొదటిసారి.

ఆ రోజు మామయ్య పేపరు పక్కన పెట్టి అడిగారు.

"బాబూ, మన కిటికీలోంచి కృష్ణ కనిపిస్తుందంటావా? చిన్నప్పుడు ఈత కొట్టిన నది. పైనుంచి ఒక్కసారి చూడాలనుంది."

"మామయ్యా, మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి! సీటు సంగతి నాకు ఇడ్సిపెట్టుండ్రి. బెజవాడ బస్సులెక్కి ఎక్కి నాకు అంత ఎరుకే!"

నిజంగానే ఎరుక. వెనక సీటైతే కుదుపు, చక్రం మీద సీటైతే నడుం నొప్పి, తూర్పు కిటికీ అయితే ఎండ. నడిమి వరుసలో నీడ వైపు కూర్చున్నవాడే మహారాజు. విమానం మాత్రం ఏమిటి, రెక్కలున్న బస్సే కదా అనుకున్నాను.

ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర ఛాతీ విరిచి నిలబడ్డాను.

"మేడం, మా మామకు కిటికీ సీటు గావాలె. నడిమిట్ల ఉండాలె. ఎండ పడొద్దు."

"ముందు వరసలో ఖాళీ ఉంది సర్..."

"ముందట వద్దు మేడం! డ్రైవర్ బ్రేకేస్తే మా మామ పోయి అద్దానికి తగుల్తడు."

ఆవిడ నవ్వాపుకుని నేనడిగిన సీటే ఇచ్చేసింది. సుధకు ఎండ వైపు, ముందు సీటు వచ్చింది. పాపం అనుకున్నాను.

అది ఫ్యాన్లున్న చిన్న విమానం. మామయ్య కిటికీ దగ్గర ఆత్రంగా కూర్చుని బయటికి చూశారు. కిటికీ నిండా నీళ్ల డ్రమ్ము లాంటిదేదో ఉంది.

"బాబూ, ఇదేంటి?"

"ఇంజను లెక్కుంది మామయ్యా. ఎగిరినంక జర పక్కకు జరుగుతదేమో."

జరగలేదు. దారి పొడుగునా అది మా పక్కనే ఉంది. ఇక దిగుతామనగా ముందు నుంచి సుధ కేక వినిపించింది.

"నాన్నా! కృష్ణ! బ్యారేజీ కూడా కనిపిస్తోంది!"

మామయ్య ఒక్క ఉదుటున లేవబోయారు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి "బెల్టు తీయకండి సర్" అని కూర్చోబెట్టింది. ఆయన ఆశగా మళ్లీ మా కిటికీకేసి తిరిగారు. సరిగ్గా అప్పుడే ఆ డ్రమ్ము పొట్ట తెరుచుకుంది. అందులోంచి ఒక ఇనప కాలు, దాని చివర రెండు టైర్లు మెల్లగా కిందికి దిగి, కనిపించే కాస్త సందునూ మూసేశాయి.

"ఇదేంటి బాబూ?"

"చక్రం, మామయ్యా."

"ఊఁ."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కానీ భూమి ఇంకా చాలా కింద ఉంది. చిన్నపిల్లాడిలా ఆశపడ్డ మనిషికి ఎంత పని చేశానని నిజంగానే ఏడుపొచ్చింది.

పెళ్లింట అడుగు పెట్టగానే పెళ్లికూతురి తండ్రి ఎదురొచ్చాడు.

"ఏం బావా, పైనుంచి కృష్ణ ఎలా ఉంది?"

నేను గబుక్కున పందిరి గుంజ వెనక్కి తప్పుకున్నాను. మామయ్య గొంతు సవరించుకున్నారు.

"కృష్ణ సంగతి సుధనడుగు. మా అల్లుడు నాకు విమానం చక్రం చూపించాడు. రెండు టైర్లలోనూ గాలి నిండుగా ఉంది!"

పందిరంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం "మా అల్లుడు" అన్నదొక్కటే వినిపించింది. ఆ తర్వాత ఆయన నా భుజం మీద చెయ్యేసి, వచ్చిన చుట్టానికల్లా అదే కథ చెప్పారు. పెళ్లికొడుకు కన్నా ఎక్కువ మంది నన్నే చూసిపోయారు.

మామయ్య ఇప్పుడు లేరు. విమానం చప్పుడు వినబడితే చాలు, ఆయన మీద బెంగ పుట్టుకొస్తుంది.

కాబట్టి సమస్త ప్రయాణికులారా, మనసా వాచా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి మామగారికీ నేను విమానంలో సీటు ఎంచను. ఎవరి మామకు వాళ్లే టైర్లు చూపించుకోండి.