బాలింత నీళ్ల కట్టెలు

ఇంట్లో గొడ్డలి పెట్టుకుని కత్తితో కట్టెలు చీరడం ఏం సరదానో నాకు మొదట అర్థం కాలేదు. తొలి కాన్పుకు కరీంనగర్ నుంచి బెల్లంపల్లిలోని తల్లిగారింటికి వచ్చినప్పటి సంగతి ఇది. చలికాలం. రోజూ పొద్దున్నే అవ్వ, అంటే మా అమ్మ, కాగు నిండా నీళ్లు మరగబెట్టి నా నడుము మీద కుమ్మరించేది. కుమ్మరించేది అని కావాలనే అంటున్నాను. పోసేది అంటే మరీ మెత్తగా ఉంటుంది. కరీంనగర్‌లో మా ఇంట్లో గీజర్ ఉంది, ఇక్కడ కూడా ఒక హీటర్ కొంటానంటే ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

పోనీ బొగ్గుల మీదైనా కాచవచ్చు కదా. బాపు బొగ్గుబాయిలో, గని లోపల, పనిచేసి రిటైరైన మనిషి. మా వాడకట్టులో ఇప్పటికీ బొగ్గు పొయ్యి ఉన్న ఇళ్లున్నాయి. "బాలింతకు బొగ్గు వాసన నీళ్లా? కట్టెల మీద కాగిన నీళ్లే పొయ్యాలె" అని అవ్వ తేల్చేసింది. ఇక ఆ కట్టెల పని బాపుది.

తెల్లవారక ముందే దొడ్లో పీట వేసుకుని కూర్చునేవాడు. ఆయన కత్తి మడిచే రకం కాదు. లారీ కమాన్ పట్టీని సాగగొట్టి ఒక కమ్మరి చేసిచ్చినది. జానెడున్నర పొడవు, వెన్ను చిటికెన వేలంత మందం, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉండేది. తుమ్మ కట్టెను నిలబెట్టి, దాని తల మీద కత్తి అంచు ఆనించి, వెన్ను మీద ఇంకో కట్టెముక్కతో కొట్టేవాడు. కత్తి కొంచెం కొంచెంగా దిగేది. చివరికి కట్టె రెండుగా విడిపోయేది. కొట్టే ముక్కకు పాత లుంగీ గుడ్డ చుట్టేవాడు కాబట్టి పెద్దగా చప్పుడు వచ్చేది కాదు.

"గొడ్డలి ఏస్తే పిల్ల ఉలిక్కిపడ్తది" అన్నాడు నేను అడిగినప్పుడు. "కత్తైతే సప్పుడుండదు. పండుకోనీ."

మనవరాలి నిద్ర కోసం ఇంత అవస్థా అని నాకు ముచ్చటేసింది. ముచ్చటేసిన చోట ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. నా నోరు అలాంటిది. దొడ్డి గుమ్మంలో నిలబడి, "బాపూ, కట్టెలు చీరుతున్నవా, ఊరందరికీ పండ్లపుల్లలు చేస్తున్నవా?" అన్నాను. పళ్లు తోముకునే పుల్లలంత సన్నగా ఉండేవి మరి. ఆయన నవ్వాడు. నవ్వాడని మర్నాడు కూడా అన్నాను.

ఒక రోజు నీళ్లు సరిగ్గా కాగలేదు. సన్న పుల్లలు గబగబా మండి ఆరిపోయాయట. రాత్రంతా పాపతో నిద్ర లేక నాకు ఒళ్లు మండిపోతోంది. "గీ గోరువెచ్చని నీళ్లకేనా ఇంత పొగ పెట్టిన్రు? చేతనైతలేదంటే చెప్పొచ్చు కద, అడితిల చీరిన కట్టెలు అమ్ముతరు" అని బాపుకు వినపడేలాగే అన్నాను.

"నా బిడ్డ నీళ్లకు కొన్న కట్టెలెందుకు? నేనున్న కద" అన్నాడు ఆయన దొడ్లోంచి. ఆ మర్నాటి నుంచి ఇంకా ముందే లేవడం మొదలుపెట్టాడు. నీళ్లు మళ్లీ చల్లగా రాలేదు. నేను గట్టిగా అన్నందుకే దారికొచ్చిందని లోపల సంతోషపడ్డాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత ఒక పొద్దున, వీధి చివరి అంగన్‌వాడీలో సూది వేస్తారని అవ్వ పాపను ఎత్తుకుని వెళ్లింది. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. దొడ్లోంచి గుడ్డ చుట్టిన కట్టె చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. చాలాసేపు విన్నాక తట్టింది. పాప ఇంట్లో లేదు. మరి ఎవరు ఉలిక్కిపడతారని ఈ జాగ్రత్త?

లేచి దొడ్లోకి వెళ్లాను. "పిల్ల లేదు కద బాపూ, గొడ్డలి తియ్యొచ్చు కద" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "అలవాటైంది బిడ్డా. నువ్వు గాలికి రాకు, లోపలికి పో."

కానీ నేను అక్కడే ఉండి చూశాను. అన్నాళ్లుగా చూస్తున్నదే, ఆ రోజు సరిగ్గా చూశాను. కొట్టే చేయి మోచేతి నుంచే కదులుతోంది. భుజం కదలడం లేదు. పని అయ్యాక దండెం మీది తువ్వాలు అందుకోవడానికి ఎడమ చేత్తో కుడి మోచేతిని కింది నుంచి ఎత్తిపట్టి పైకి నెట్టాడు. అలా నెట్టినా అందలేదు. చివరికి ఎడమ చేత్తోనే లాక్కున్నాడు. నేనింకా అక్కడే ఉన్నానని ఆయనకు తెలియదు.

అవ్వ తిరిగి రాగానే అడిగాను. ఆమె పాపను ఒళ్లో సర్దుకుంటూ గొంతు తగ్గించింది.

"బాయిల తాకిన దెబ్బనే. రిటైరైనంక ముదిరింది. చెయ్యి పైకి లేస్తలేదు, గొడ్డలి ఎట్ల ఎత్తుతడు? నీకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"మరి నువ్వన్న ఎవరినన్న పెట్టకపోతివి?"

"పెడ్తనంటే రెండు దినాలు బువ్వ తినలే. బిడ్డ కాన్పుకు నేను చేసేది గిదొక్కటేనాయె అన్నడు. నువ్వు అడగకు. అడిగితే ఇంక పొయ్యి కాడికే రాడు."

పండ్లపుల్లలు అన్నది గుర్తొచ్చింది. చేతనైతలేదంటే చెప్పొచ్చు కద అన్నది గుర్తొచ్చింది. సరిగ్గా ఆయన దాచుకున్న చోటే పొడిచాను. తెలియక అన్నానని సర్దిచెప్పుకోబోయాను. తెలియకపోతే అలా అనవచ్చా? కన్నీళ్లు ఆగలేదు. పాలు పడవు, ఏడవకని అవ్వ కసిరింది.

మర్నాడు నాకొక తెలివైన ఉపాయం తోచింది. "నాకు వేడి నీళ్లు పడ్తలేవు బాపూ, తల తిరుగుతున్నది. కొన్ని దినాలు వద్దు" అన్నాను. సరే అన్నాడు. ఆయన చేతికి విశ్రాంతి ఇచ్చానని ఆ పొద్దు తృప్తిగా పడుకున్నాను.

ఆ రోజు బాపు గడప మీద కూర్చున్నాడు. పేపరు తీశాడు, చదవలేదు. పిల్ల లేచిందా అని అడిగాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. రెండో రోజు భోజనం దగ్గర, నన్ను చూడకుండా, "నీళ్లు మంచిగనే కాగుతుండె కద, గా ఒక్కనాడే గట్లైంది" అన్నాడు. కష్టపెట్టకూడదని చేసిన పని కూడా ఆయన్ని తప్పుపట్టినట్టే తగిలింది.

మూడో రోజు చీకటి ఉండగానే నేనే పిలిచాను. "బాపూ, నడుములు గుంజుతున్నయ్. జర నీళ్లు పెడ్తవా?"

"గిప్పుడే పెడ్త బిడ్డా" అంటూ లేచిన మనిషి చెప్పులు కూడా వేసుకోలేదు.

పాప పక్కన పడుకుని ఆ చప్పుడంతా విన్నాను. ఒక్కో దెబ్బకూ ఆ భుజంలో ఏం జరుగుతోందో ఇప్పుడు నాకు తెలుసు. లేచి వెళ్లి ఆ కత్తి నేనే అందుకోవచ్చు. అందుకుంటే ఆయనకు ఏమీ మిగలదు. అందుకే కదలకుండా పడుకున్నాను. అంతవరకే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో.

అవ్వ మొదటి చెంబు నడుము మీద పోసింది. ఒళ్లంతా సడలింది. రెండు రోజులుగా పట్టేసిన నొప్పి నీళ్లతో పాటు జారిపోయింది. అంత హాయిని నేను అనుకోలేదు. కాగు సగమయ్యేసరికి, అడగకూడదని తెలిసీ, ఆ చేయి గుర్తుండగానే, "అవ్వా, ఇంకో కాగు పెట్టుమను" అన్నాను.

దొడ్లోంచి బాపు సంతోషంగా పలికాడు. "పెడుతున్న బిడ్డా, నువ్వు లేవకు."